సెనేట్ ముందున్న ఆరోగ్య బిల్లుపై అమెరికాలోని తెలుగు దాతలకు బహిరంగ లేఖ

2017 జూలై 5

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, మంచి పనికి ఎంతో కొంత చందా ఇచ్చే అలవాటున్న ప్రతి ఒక్కరికీ, తెలుగు సంఘాల బాధ్యులకు నమస్కారం.

ఒబామాకేర్ అని పిలిచే 2010 నాటి ఆరోగ్య ఇన్సూరెన్సు చట్టాన్ని మార్చడానికి సెనేట్‌లోని రిపబ్లికన్ నాయకత్వం జూన్ 22న బయటపెట్టిన ఆరోగ్య బిల్లు మీద ఓటింగు గత వారమే జరగవలసింది. సొంత పార్టీలోనే కావలసినన్ని ఓట్లు సమకూరకపోవడంతో జూన్ 27న దాన్ని వాయిదా వేశారు. సెనేటర్లు ఇప్పుడు స్వాతంత్ర్య దినోత్సవ సెలవులకు తమ తమ రాష్ట్రాలకు వచ్చి ఉన్నారు. జూలై 10న సభ మళ్ళీ సమావేశమవుతుంది. ఆ తర్వాత ఓటింగు ఏ రోజైనా పెట్టవచ్చు. ఈ కొద్ది రోజుల్లో మీరిచ్చే పది డాలర్లకు, ఇరవై డాలర్లకు మామూలు రోజుల్లో లేని విలువ ఉంది కాబట్టి, ఈ బిల్లును ఆపడానికి పనిచేస్తున్నవారికి మీ శక్తి కొద్దీ విరాళం ఇవ్వమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఇంతకుముందు చేయగలిగినవి చేసి చూశాం. మార్చి నుంచి మా ప్రాంతంలోని కొన్ని కుటుంబాలం కలిసి మా రాష్ట్రపు సెనేటర్ల కార్యాలయాలకు ఉత్తరాలు రాశాం, ఫోన్లు చేశాం. అందరికీ ఒకే నమూనాలో అచ్చయిన జవాబు వచ్చింది. మేము అడిగిన ప్రశ్నల ప్రస్తావన అందులో లేదు. ఫోను చాలాసార్లు వాయిస్‌మెయిలుకు పోయేది, అదీ నిండిపోయి ఉండేది. ప్రజలతో ముఖాముఖి సభ పెట్టమని కోరితే తేదీ చెప్పినవారు లేరు. ఈ బిల్లులో ఏముందో సభ్యులకు వివరించే సమావేశం ఒకటి ఏర్పాటు చేయమని ఒక తెలుగు సంఘాన్ని అడిగితే, రాజకీయాలు మనకెందుకన్న సమాధానం వచ్చింది. ఆ సంఘం పేరు ఇక్కడ చెప్పను, ఎందుకంటే ఆ సంకోచం వారొక్కరిదే కాదు. కానీ అమ్మానాన్నల ఇన్సూరెన్సు, పసిపిల్లల వైద్యం, షుగరు మందుల ఖర్చు రాజకీయమని పక్కన పెట్టగలిగే స్థితిలో మనలో ఎంతమందిమి ఉన్నామో ఆలోచించమని కోరుతున్నాను.

బిల్లు తయారైన పద్ధతి గురించి కొంత చెప్పాలి. ప్రతినిధుల సభ తన బిల్లును మే 4న 217–213 ఓట్లతో ఆమోదించింది. అప్పటికి ఆ తుది రూపం మీద కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్కలే రాలేదు. ఇరవై రోజుల తర్వాత వచ్చిన ఆ లెక్కల ప్రకారం 2026 నాటికి ఇప్పటి చట్టం కింద ఉండేదానికంటే 2.3 కోట్ల మంది ఎక్కువగా ఇన్సూరెన్సు లేకుండా మిగులుతారు. సెనేట్‌లో పదమూడు మంది సభ్యుల బృందం, అందరూ పురుషులే, తలుపులు మూసుకుని మరో ముసాయిదా రాసింది. ఒక్క బహిరంగ విచారణ కూడా జరపలేదు. డాక్టర్లను, ఆసుపత్రులను, రోగులను కమిటీ ముందు కూర్చోబెట్టి వారి మాట విన్నది లేదు. 2009లో ఇప్పటి చట్టం రూపొందుతున్నప్పుడు సెనేట్‌లో రెండు కమిటీలు నెలల తరబడి దాన్ని పరిశీలించాయి. ఆ చట్టాన్ని ఇష్టపడనివారు కూడా ఈ తేడాను కాదనలేరు. దేశ ఆర్థిక వ్యవస్థలో దాదాపు ఆరో వంతుగా ఉన్న వైద్యరంగాన్ని తిరగరాసే బిల్లును, వారం రోజుల్లో చదివి వారం రోజుల్లో ఓటు వేయమని సభ్యులను అడగడం సభకే అగౌరవమని నేను నమ్ముతున్నాను.

ఈ బిల్లు నెగ్గితే మామూలు కుటుంబాల మీద పడే ప్రభావాన్ని కింద వరుసగా రాస్తున్నాను. అంకెలలో ఎక్కువ భాగం జూన్ 26న బడ్జెట్ కార్యాలయం విడుదల చేసిన నివేదికలోనివి. ఆ కార్యాలయం ఏ పార్టీదీ కాదు. దాని ప్రస్తుత డైరెక్టరును నియమించింది కూడా ఈ బిల్లు తెచ్చిన పార్టీ పెద్దలే.

1. వచ్చే ఏడాదే ఇన్సూరెన్సు లేనివారి సంఖ్య ఇప్పటి చట్టం కింద ఉండేదానికంటే 1.5 కోట్లు పెరుగుతుంది. 2026 నాటికి ఆ పెరుగుదల 2.2 కోట్లకు చేరుతుంది. 2010లో ఇప్పటి చట్టం వచ్చేనాటికి దేశంలో సుమారు వందకు పదహారు మందికి ఇన్సూరెన్సు లేదు. నిరుడు ఆ సంఖ్య తొమ్మిదికి దిగింది. ఏడేళ్ళలో సాధించినదాన్ని అంతకంటే వేగంగా పోగొట్టుకునే దారిలో ఉన్నాం.

2. అన్నిటికంటే పెద్ద దెబ్బ, తక్కువ ఆదాయం ఉన్నవారికి, వికలాంగులకు కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే ఇన్సూరెన్సు పథకం మెడికెయిడ్‌కు తగులుతుంది. పదేళ్ళలో దానికి కేంద్రం ఇచ్చే నిధుల్లో 77,200 కోట్ల డాలర్ల కోత పడుతుంది. 2026లో ఇప్పటి చట్టం కింద ఖర్చయ్యేదానిలో నాలుగో వంతుకు పైగా తగ్గిపోతుంది. మెడికెయిడ్ అంటే పని చేయనివారికి ఇచ్చే దానమన్న అభిప్రాయం మనవాళ్ళలో కూడా విన్నాను. వాస్తవం అది కాదు. ఏడు కోట్ల మందికి పైగా దాని మీద ఆధారపడి ఉన్నారు. ఈ దేశంలో పుట్టే పిల్లల్లో దాదాపు సగం మంది కాన్పు ఖర్చు భరించేది అదే. నర్సింగ్‌హోముల్లో ఉన్న వృద్ధుల్లో పది మందికి ఆరుగురి ఖర్చు భరిస్తున్నదీ అదే, ఎందుకంటే అరవై అయిదు దాటినవారి ప్రభుత్వ ఇన్సూరెన్సు మెడికేర్ దీర్ఘకాలపు నర్సింగ్‌హోము ఖర్చు ఇవ్వదు. జీవితమంతా ఉద్యోగం చేసి, ఇల్లు కట్టుకుని, ఆదా చేసుకున్న మధ్యతరగతి మనిషి కూడా చివరి దశలో మతిమరుపు వ్యాధి వచ్చి నర్సింగ్‌హోములో చేరితే, ఉన్న డబ్బు కొన్నేళ్ళలో కరిగిపోయి మెడికెయిడ్ గడప తొక్కవలసిందే. వికలాంగులైన పిల్లలకు ఇంటికి వచ్చి సాయం చేసే మనిషిని, చక్రాల కుర్చీని, చికిత్సను సమకూర్చేది కూడా చాలా కుటుంబాలకు అదే. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు, వారికి ఇది చెప్పనక్కరలేదు.

ఈ బిల్లు ఇప్పటిదాకా ఉన్న పద్ధతిని, అంటే రోగికి అయిన ఖర్చులో కేంద్రం నిర్ణీత వాటా భరించే పద్ధతిని, 2020 నుంచి మార్చేసి, ఒక్కో మనిషికి ఇచ్చే డబ్బు మీద తలసరి పరిమితి పెడుతుంది. 2025 నుంచి ఆ పరిమితి మామూలు ధరల సూచీతో పాటే పెరుగుతుంది. వైద్యపు ఖర్చు మామూలు ధరల కంటే వేగంగా పెరుగుతుందని ఆసుపత్రి బిల్లు చూసిన ఎవరికైనా తెలుసు. ఆ తేడా ఏటా పెరుగుతూ పోతుంది, దాన్ని రాష్ట్రాలే పూడ్చుకోవాలి, పూడ్చుకోలేని రాష్ట్రం ఎవరికి కోత పెట్టాలో ఎంచుకోవాలి. అలాగే 31 రాష్ట్రాలు, రాజధాని ప్రాంతం మెడికెయిడ్‌ను విస్తరించి, ఏడాదికి 16,600 డాలర్ల వరకు సంపాదించే ఒంటరి మనిషికి కూడా అవకాశం కల్పించాయి. ఆ విస్తరణకు ఇస్తున్న ప్రత్యేక వాటాను 2021 నుంచి తగ్గిస్తూ 2024 నాటికి పూర్తిగా తీసేస్తారు. పెట్రోలు బంకుల్లో, హోటళ్ళలో, దుకాణాల్లో గంటల లెక్కన పనిచేసేవారు, యజమాని ఇన్సూరెన్సు లేనివారు, అందులో మనవాళ్ళూ, ఈ విస్తరణ వల్లనే మొదటిసారి డాక్టరు దగ్గరికి ధైర్యంగా వెళ్ళగలిగారు.

3. వయసు మీరినవారి ప్రీమియం. సొంతంగా ఇన్సూరెన్సు కొనుక్కునేవారిలో పెద్దవారికి కుర్రవాళ్ళ కంటే మూడు రెట్ల వరకే వసూలు చేయాలని ఇప్పటి చట్టం చెబుతోంది. బిల్లు దాన్ని అయిదు రెట్లు చేస్తుంది. సబ్సిడీ అందే ఆదాయపు హద్దును కూడా దారిద్ర్య రేఖకు నాలుగు రెట్ల నుంచి మూడున్నర రెట్లకు దించుతుంది. రెండూ కలిస్తే ఏమవుతుందో బడ్జెట్ కార్యాలయమే 2026కు లెక్క కట్టి చూపింది. ఏడాదికి 26,500 డాలర్ల ఆదాయం ఉన్న 64 ఏళ్ళ మనిషి ఒక మధ్యస్థ పాలసీకి ఇప్పటి చట్టం కింద 1,700 డాలర్లు కడితే, ఈ బిల్లు కింద 6,500 కట్టాలి. ఆదాయం 56,800 డాలర్లయితే 6,800 కట్టవలసినచోట 20,500 కట్టాలి. అంటే సంపాదనలో మూడో వంతు కంటే ఎక్కువ ప్రీమియానికే పోతుంది, డాక్టరును చూడకముందే. సబ్సిడీని లెక్కగట్టే ప్రామాణిక పాలసీ కూడా ఇప్పటికంటే నాసిరకానిది కాబట్టి డిడక్టబుల్, అంటే ఇన్సూరెన్సు ఇవ్వడం మొదలుపెట్టేముందు రోగి తానే కట్టవలసిన మొత్తం, వేల డాలర్లలో ఉంటుంది. ఆ భారం చూసి పేదల్లో చాలామంది అసలు పాలసీయే తీసుకోరని ఆ నివేదిక స్పష్టంగా చెప్పింది.

4. ఇది నేరుగా మన ఇళ్ళలోకి వస్తుంది. గ్రీన్‌కార్డు మీద వచ్చిన మన తల్లిదండ్రులకు మొదటి అయిదేళ్ళు చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్ రాదు. అరవై అయిదు నిండినా, ఈ దేశంలో పనిచేసిన చరిత్ర లేనివారు మెడికేర్ డబ్బు కట్టి కొనుక్కోవాలన్నా అయిదేళ్ళు ఇక్కడ ఉండాలి. ఆ తర్వాత కూడా ఆసుపత్రి భాగానికే ఈ ఏడాది నెలకు 413 డాలర్ల దాకా కట్టాలి. 2010కి ముందు ఈ అయిదేళ్ళు చాలామంది పెద్దవాళ్ళు ఏ ఆధారం లేకుండా గడిపారు. అరవై దాటి, షుగరు, బీపీ, గుండెకు స్టెంటు ఉన్న మనిషికి పాలసీ అమ్మే కంపెనీ దొరకడమే కష్టంగా ఉండేది. దొరికిన విజిటర్ పాలసీలు ఉన్న జబ్బును వదిలేసి లేని జబ్బుకు హామీ ఇచ్చేవి. ఇప్పటి చట్టం వచ్చాక, సొంతంగా పాలసీ కొనుక్కునేవారి కోసం అది ఏర్పరచిన మార్కెట్‌ప్లేస్‌లో జబ్బుతో నిమిత్తం లేకుండా, ఆదాయాన్ని బట్టి సబ్సిడీతో పాలసీ కొనుక్కోగలుగుతున్నారు. నాన్నకు బైపాస్ చేయించవలసి వస్తే ఇల్లు అమ్ముకోవాలా, ఇండియాకు పంపేయాలా అని రాత్రంతా కూర్చుని లెక్కలు వేసుకునే అవసరం ఎన్నో కుటుంబాలకు తప్పింది. పై మూడో అంశంలో చెప్పిన వయసు రెట్లు, తగ్గిన సబ్సిడీ ముందుగా తగిలేది ఈ పెద్దవాళ్ళకే.

5. హెచ్‌1బి, హెచ్‌4, ఎల్1, ఎఫ్1 వీసాల మీద ఉన్నవారు మరో విషయం గమనించాలి. చట్టబద్ధంగా ఈ దేశంలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆదాయాన్ని బట్టి మార్కెట్‌ప్లేస్ సబ్సిడీకి ఇప్పుడు అర్హత ఉంది. ఈ బిల్లు ఆ అర్హతను గ్రీన్‌కార్డుదారులు, శరణార్థులు వంటి కొన్ని వర్గాలకే పరిమితం చేస్తుంది. వీసా మీద ఉన్న ఉద్యోగి ఉద్యోగం పోతే కంపెనీ ఇన్సూరెన్సూ పోతుంది. కోబ్రా అనే చట్టం కింద దాన్ని కొనసాగించుకోవాలంటే యజమాని వాటాతో సహా మొత్తం ప్రీమియం, దాని మీద రెండు శాతం తానే కట్టాలి. జీతం ఆగిన నెలలోనే ఆ మొత్తం కట్టగల కుటుంబాలు కొన్నే. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ నెలలు ఎలా గడుస్తాయో నేను వర్ణించను. పన్నులు మాత్రం వీరూ అందరితో సమానంగానే కడుతున్నారు.

6. ఉన్న జబ్బుల సంగతి. బిల్లులో ఆ రక్షణ అలాగే ఉందని మద్దతుదారులు చెబుతున్నారు. జబ్బు ఉందని పాలసీ నిరాకరించకూడదన్న నియమం మిగిలే ఉంది, అది నిజమే. కానీ పాలసీలో ఏమేమి ఉండాలో చెప్పే పది తప్పనిసరి సేవల జాబితాను మార్చుకునేందుకు రాష్ట్రాలకు ఈ బిల్లు దారి తెరుస్తుంది. కాన్పు, మానసిక వైద్యం, మందులు ఆ జాబితాలోనివే. పాలసీ ఇచ్చి అందులో ఇన్సులిన్ లేకపోతే షుగరు ఉన్న మనిషికి అది ఎందుకు పనికొస్తుంది? ఒక మనిషికి జీవితమంతా కలిపి ఇంతకు మించి ఇవ్వమనే జీవితకాలపు పరిమితి పెట్టకూడదన్న నిషేధం కూడా ఆ తప్పనిసరి సేవలకే వర్తిస్తుంది. జాబితా కుదించుకుపోతే ఆ నిషేధమూ కుదించుకుపోతుంది, ఉద్యోగం ద్వారా వచ్చే ఇన్సూరెన్సులకు కూడా ఆ ప్రమాదం పాకవచ్చు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఆసుపత్రిలో కొన్ని వారాలు ఉంటే బిల్లు లక్షల డాలర్లకు చేరుతుంది. పాత రోజుల్లో అలాంటి పిల్లలు మాటలు రాకముందే తమ జీవితకాలపు పరిమితిలో పెద్ద భాగం వాడేసుకునేవారు. మాకు కంపెనీ ఇన్సూరెన్సు ఉంది, మాకేమీ కాదనుకునేవారు ఈ ఒక్క అంశాన్ని మరోసారి చదవమని మనవి. మన జాతిలో షుగరు, గుండెజబ్బు చిన్న వయసులోనే ఎక్కువగా వస్తున్నాయని మన డాక్టర్లే చెబుతున్నారు.

7. చిన్న ఊళ్ళ ఆసుపత్రులు. మెడికెయిడ్ డబ్బు ఆగితే ముందు మూతపడేవి అవే. శిక్షణ ముగిశాక స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న జె1 వీసా షరతు మాఫీ కోసం వైద్య సౌకర్యం తక్కువగా ఉన్న ప్రాంతాల్లో మూడేళ్ళు పనిచేసి, తర్వాత అక్కడే స్థిరపడిపోయిన తెలుగు డాక్టర్లు ఎందరో ఉన్నారు. మత్తుమందులకు బానిసలైనవారి చికిత్స ఖర్చు ఏ పథకం నుంచి వస్తోందో వెస్ట్ వర్జీనియా, కెంటకీ, ఒహాయో రాష్ట్రాల్లో పనిచేసేవారిని అడిగితే చెబుతారు.

8. కోతల వల్ల మిగిలే డబ్బు ఎటు పోతుందో కూడా చెప్పాలి. జంటగా ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లకు మించి సంపాదించేవారి పెట్టుబడి ఆదాయం మీద ఇప్పుడున్న 3.8 శాతం పన్నును ఈ ఏడాది మొదటి నుంచే వర్తించేలా రద్దు చేస్తారు. మనలో ఆ ఆదాయం ఉన్న కుటుంబాలు తక్కువేమీ కాదు, వారికి ఈ బిల్లు వల్ల లాభమే. వారిని ప్రత్యేకంగా అడుగుతున్నాను: నర్సింగ్‌హోములో ఉన్న ముసలమ్మ పడక ఖర్చు తగ్గించి మీకు మిగిల్చే ఆ పన్ను మీకు అవసరమా? అవసరం లేదనుకుంటే, దానిలో ఒక చిన్న భాగాన్ని ఈ బిల్లును ఆపడానికే వెచ్చించండి.

ఇప్పటి చట్టంలో లోపాలు లేవని నేను అనను. ఈ ఏడాది కేంద్రం నడిపే మార్కెట్‌ప్లేస్‌లో ప్రామాణిక పాలసీల ప్రీమియం సగటున నాలుగో వంతు పెరిగింది. చాలా జిల్లాల్లో ఒకే ఒక్క కంపెనీ మిగిలింది. సబ్సిడీ హద్దుకు కొద్దిగా పైన ఉన్న చిన్న వ్యాపారుల కుటుంబాలు పూర్తి ప్రీమియం కట్టలేక అల్లాడుతున్నాయి. వారి కోపం న్యాయమైనదే. అయితే ఆ కుటుంబాలకు ఈ బిల్లు చేసే మేలు ఏమిటని వెతికితే, పెద్దవయసు వారికి ప్రీమియం ఇంకా పెరగడమే కనిపిస్తోంది. సరిచేయవలసినదాన్ని సరిచేయమని అడగాలి, అందుకు రెండు పార్టీల సభ్యులూ కూర్చోవాలి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్, అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్, వయోధికుల సంస్థ ఎఎఆర్‌పి ఈ బిల్లును వ్యతిరేకించాయి. మామూలుగా ఒక మాట మీదికి రాని వైద్యులు, ఆసుపత్రులు, రోగులు ఒకే మాట చెబుతున్నప్పుడు వినవలసిన బాధ్యత సభ్యుల మీద ఉంది.

ఇక విరాళాల విషయానికి వస్తాను. వంద మంది సభ్యులున్న సెనేట్‌లో అధికార రిపబ్లికన్ పార్టీకి 52 మంది ఉన్నారు. ముగ్గురు కాదంటే బిల్లు ఆగుతుంది. మెయిన్ రాష్ట్రపు సుసాన్ కాలిన్స్, నెవాడాకు చెందిన డీన్ హెల్లర్ ఈ రూపంలో ఒప్పుకోమని ఇప్పటికే చెప్పారు. వెస్ట్ వర్జీనియా, ఒహాయో సెనేటర్లు కూడా మెడికెయిడ్ కోతల మీద అభ్యంతరం చెప్పారు. ఈ మాట మీద వారు నిలబడాలంటే తమ రాష్ట్రపు జనం తమ వెనక ఉన్నారని వారికి కనబడాలి. దానికి పెద్ద విరాళాల కంటే చిన్న విరాళాలే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. ఒక సంపన్నుడు హోటల్ విందులో అభ్యర్థికి 2,700 డాలర్ల చెక్కు ఇచ్చి ఫోటో దిగితే ఆ పరిచయం ఆయనకే మిగులుతుంది. వెయ్యి మంది పదేసి డాలర్లు ఇస్తే పదివేల డాలర్లతో పాటు వెయ్యి కుటుంబాలు ఈ సంగతి పట్టించుకుంటున్నాయన్న లెక్క కూడా చేరుతుంది. ఆ డబ్బు కరపత్రాలకు, ఫోన్ లైన్లకు, సెనేటర్ల స్థానిక కార్యాలయాలకు రోగులను తీసుకువెళ్ళే బస్సులకు, సహాయకుడు తోడు లేనిదే కదలలేనివారి ప్రయాణాలకు పనికొస్తుంది. జూన్ 22న వాషింగ్టన్‌లో సెనేట్ నాయకుడి కార్యాలయం ముందు అడాప్ట్ అనే వికలాంగుల సంస్థ సభ్యులు నిరసన తెలిపినప్పుడు పోలీసులు కొందరిని చక్రాల కుర్చీల నుంచి ఎత్తి తీసుకుపోయారు. వారు అక్కడిదాకా రావడానికి ఎవరో ఒకరు ఖర్చు పెట్టుకోవలసిందే.

డబ్బు ఒక్కటే చాలదని కూడా మనకు తెలుసు. జూన్ 20న జార్జియా ఆరవ నియోజకవర్గం ఉపఎన్నికలో డెమోక్రటిక్ అభ్యర్థి జాన్ ఆసాఫ్‌కు దేశం నలుమూలల నుంచి చిన్న దాతల డబ్బు కోట్లలో వచ్చింది, అయినా ఆయన ఓడిపోయారు. అట్లాంటా ఉత్తర శివార్లలోని ఆ నియోజకవర్గంలో ఎన్నో తెలుగు కుటుంబాలు ఉన్నాయి, ఆ నిరాశ వారికి ఇంకా పచ్చిగానే ఉంటుంది. అందువల్ల ఈసారి టీవీ ప్రకటనలకు పోయే విరాళం కంటే మనుషులను కూడగట్టే పనికి పోయే విరాళానికి ప్రాధాన్యం ఇవ్వమని కోరుతున్నాను. ఇచ్చేముందు ఆ సంస్థను మూడు ప్రశ్నలు అడగండి: సందేహంలో ఉన్న సెనేటర్ల రాష్ట్రాల్లో మీకు మనుషులు ఉన్నారా, ఈ నెలలో ఈ డబ్బు దేనికి ఖర్చు పెడతారు, ఖర్చు లెక్క దాతలకు చెబుతారా. సరైన జవాబు రాకపోతే ఇవ్వకండి.

చట్టం విషయంలో ఎవరూ పొరపాటు చేయకూడదు. ఎన్నికల అభ్యర్థులకు, పార్టీలకు, ఎన్నికల కమిటీలకు విరాళం ఇవ్వడానికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. హెచ్‌1బి, హెచ్‌4, ఎఫ్1 వీసాల మీద ఉన్నవారు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు, స్నేహితుడి పేరుతో ఇప్పించనూ కూడదు. ఇతరుల పేరుతో ఇవ్వడం నేరం. యజమాని ఉద్యోగుల చేత ఇప్పించి తర్వాత ఆ డబ్బు తిరిగి ఇవ్వడమూ నేరమే. వీసా మీద ఉన్నవారు ఎన్నికలతో సంబంధం లేని ఉచిత క్లినిక్కులకు, రోగుల హక్కుల గురించి ప్రజలకు తెలియజెప్పే ధార్మిక సంస్థలకు విరాళం ఇవ్వవచ్చు, తమ ప్రాంత సెనేటరుకు ఫోను చేసి తమ ఇబ్బంది చెప్పవచ్చు. ధార్మిక సంస్థకు ఇచ్చినదానికి పన్ను మినహాయింపు ఉంటుంది, రాజకీయ కమిటీలకు ఇచ్చినదానికి ఉండదు. ఒక కమిటీకి ఇచ్చినది 200 డాలర్లు దాటితే మీ పేరు, వృత్తి, యజమాని వివరాలు ప్రభుత్వ రికార్డులో అందరికీ కనబడతాయి. ఉద్యోగరీత్యా అది ఇబ్బంది అనుకునేవారు ఆ హద్దు లోపలే ఇవ్వవచ్చు.

ఈ నేపథ్యంలో నా కోరికలు ఇవి.

1. ప్రతి కుటుంబం ఈ వారంలో, జూలై 10 లోపల, తన శక్తి మేరకు ఒక విరాళం ఇవ్వాలి. పది డాలర్లు తక్కువేమీ కాదు. బిల్లు పూర్తిగా ఆగేదాకా నెలనెలా ఇవ్వగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే మార్చిలో ప్రతినిధుల సభలో ఓటింగుకు రాకుండానే వెనక్కి తీసుకున్న బిల్లు మే నెలలో తిరిగి వచ్చి నెగ్గింది. ఈ నెల ఆగినా ఇది మళ్ళీ రాదన్న నమ్మకం లేదు.

2. విరాళం ఇచ్చిన రోజే మీ ఇద్దరు సెనేటర్ల స్థానిక కార్యాలయాలకు ఫోను చేసి, మీ ఇంట్లో ఈ బిల్లు ఎవరికి, ఎలా తగులుతుందో చెప్పండి. వాషింగ్టన్ కార్యాలయం ఫోను ఎత్తకపోతే ఊళ్ళో ఉన్న కార్యాలయానికి వెళ్ళండి. అమ్మానాన్నలను వెంట తీసుకువెళ్ళండి; వారు తెలుగులో చెబితే మీరు ఇంగ్లీషులో వివరించండి.

3. సెనేటర్లను అడగవలసినవి నాలుగు: బహిరంగ విచారణ జరగకుండా, బడ్జెట్ కార్యాలయం లెక్కలు రాకుండా ఓటింగు పెట్టకూడదు, మెడికెయిడ్ మీద తలసరి పరిమితి తీసేయాలి, వయసు రెట్లు మూడు దాటకూడదు, చట్టబద్ధంగా ఉన్న వలసదారుల సబ్సిడీ అర్హత యథాతథంగా ఉంచాలి.

4. తెలుగు డాక్టర్లు తమ రోగుల పేర్లు చెప్పకుండా, వారి అనుభవాలను స్థానిక పత్రికలకు రాయాలి. సెనేటరు కార్యాలయంలో తెల్లకోటు మాటకు ఉన్న బరువు మా మాటకు లేదు, ఆ బరువును ఈ నెలలో వాడండి.

5. తెలుగు సంఘాల బాధ్యులు ఈ వేసవి సభల్లో ఒక గంట ఈ అంశానికి కేటాయించాలి. పన్ను మినహాయింపు ఉన్న సంఘం ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు, వ్యతిరేకించనూ కూడదు. కానీ ఒక బిల్లులో ఏముందో సభ్యులకు చెప్పడానికి చట్టం అడ్డు రాదు, పరిమితికి లోబడి దాని మీద అభిప్రాయం చెప్పడానికీ అడ్డు రాదు. అనుమానం ఉంటే సంఘం న్యాయవాదిని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. మీ సంఘం ఈ కోరికను అంగీకరిస్తుందో లేదో జూలై 10 లోపల చెప్పమని మనవి. వచ్చిన ప్రతి జవాబును, అనుకూలమైనా ప్రతికూలమైనా, ఈ లేఖ చదివినవారందరికీ తెలియజేస్తాను.

భవదీయుడు,
అమెరికాలో నివసిస్తున్న ఒక తెలుగు పౌరుడు